కారం మిల్లుకి మూడు బెల్టులు

మొన్న మా ఇంట్లో బట్టలుతికే మిషను మూలిగి మూలిగి ఆగిపోతే, బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు వెనక మూత విప్పి, అరిగిపోయిన బెల్టును బయటికి లాగి, కంపెనీది వేయమంటారా, మామూలుది వేయమంటారా, మామూలుదైతే సగం ధరకే వస్తుందండీ అని అడిగాడు. రెండూ చూపించమన్నాను. చేతిలోకి తీసుకుని వంచి చూసి, గోటితో గీరి, వాసన చూసి, వారానికి రెండుసార్లు ఇద్దరి బట్టలు తిప్పే మిషనుకు మామూలుది చాలు, అదే వెయ్యి అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. డెబ్బైకి దగ్గరపడ్డ ఆడమనిషి బెల్టు వాసన చూడడం అతను ఎక్కడా చూసి ఉండడు. నా వయసువాళ్ళలో, ఇంట్లో మిల్లు ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మాత్రం నవ్వుకుంటారు; మాడిన రబ్బరు వాసన ఒకసారి ముక్కుకెక్కిందంటే ఈ జన్మకి వదలదని వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మాది అద్దంకి దగ్గర పల్లెటూరు, మా అత్తగారిది కారం మిల్లు. మామగారు చిన్నవయసులోనే పోతే, ఉన్న ఒక్క కొడుకునీ పెంచుకుంటూ ఆవిడ ఒంటిచేత్తో నిలబెట్టిన మిల్లు అది. ఎనభైలలో, నేను కాపురానికి వచ్చిన నాలుగైదేళ్ళకు, సరిగ్గా కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఊరంతా ఘాటుకు తుమ్ముతున్న ఫాల్గుణ మాసంలో, మావారికి పచ్చకామెర్లు వచ్చాయి. రెండు నెలలు మంచం దిగడానికి వీల్లేదన్నాడు డాక్టరు. కారం పట్టించుకునే రోజులు కూడా ఏడాది మొత్తంలో ఆ రెండు నెలలే, మా ఏడాది తిండి అందులోంచే రావాలి. బంధువులు తలా ఒక సలహా చెప్పి వెళ్ళారు గానీ మోటారు దగ్గర నిలబడతామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కొంగు నడుం చుట్టూ బిగించి, జుట్టు ముడేసుకుని, ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మిల్లులోకి వెళ్ళాను. కొంగు బెల్టులో పడితే మనిషే మిగలదని మావారు మంచం మీదనుంచి రోజూ హెచ్చరించేవారు, నేనూ రోజూ అలాగేనండీ అనేదాన్ని.

తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెప్పాలి. మోటారు చక్రానికీ కాయను పొడి చేసే మరకూ మధ్య మూడు బెల్టులు పక్కపక్కనే గాళ్ళలో తిరుగుతుంటాయి, మోటారు బలమంతా వాటి మీదుగానే మరకు చేరుతుంది. మా అత్తగారు ఆ బెల్టుల్ని అద్దంకి సంతలో కొనేది, పేరూ ఊరూ లేని చవకరకం. మూడింట్లో ఒకటి తెగితే ఆ ఒక్కటే కొని వేయించేది, మిగతా రెండూ ఇంకా తిరుగుతున్నాయిగా అని. ఆవిడను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పప్పులో నీళ్ళు ఎక్కువ పోసి, చీర కుట్లు మీద కుట్లు వేసుకుని కొడుకును పెంచిన మనిషికి, తిరుగుతున్న వస్తువును తీసి పారేయడమంటే ప్రాణం ఒప్పుకోదు. ఇప్పటికీ మా ఇంట్లో టూత్‌పేస్టు ట్యూబును కత్తిరించి లోపలిది గీసుకునే అలవాటు నాకు ఆవిడ నుంచే వచ్చింది.

మిల్లులో వంతులకు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసి పెట్టింది కాదు గానీ, తట్టలు వాటంతట అవే ఆ వరసలో సర్దుకునేవి. పొద్దున్నే మర కడిగి తుడిచాక మొదటి వంతు పూజారిగారింటిది, ఆ తర్వాత మోతుబరి రైతులవి, తర్వాత కొట్లవాళ్ళవి, అన్నిటికన్నా చివర ఊరికి తూర్పున చర్చి పేటలో ఉండే కూలీలవి. ఊళ్ళోవాళ్ళ చేలల్లో ఆ కాయలు కోసేది వాళ్ళే, కోత కూలిలో కొంత కాయల రూపంలోనే ఇచ్చేవాళ్ళు, ఆ కాయలే వాళ్ళకు ఏడాదికి సరిపడా కారం. ఆదివారం తప్ప వాళ్ళకు తీరిక లేదు. ప్రార్థన అయ్యాక తట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చి, మిల్లు ముందు వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చునేవాళ్ళు.

ఆ సీజన్లో వరసగా మూడు ఆదివారాలు, సరిగ్గా పేటవాళ్ళ తట్టలు మర దగ్గరికి వచ్చేసరికి బెల్టు తెగింది. తెగితే ఇక ఆ రోజుకి అంతే. ఆదివారం సంత ఉండదు, సాయంత్రానికి త్రీఫేజు కరెంటూ ఉండదు. పొద్దు వాలితే గలగలలాడే కాయ చెమ్మ పీల్చుకుని మెత్తబడిపోతుంది, దాన్ని మళ్ళీ ఎండబెట్టుకోవాలంటే ఒక మనిషి కూలి మానుకుని కావలి కూర్చోవాలి. మూడో ఆదివారం అలా తెగగానే, వాళ్ళ కోత ముఠాకు మేస్త్రిగా ఉన్న ఆవిడ, నాకన్నా పదేళ్ళు పెద్దది, తట్ట కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తూ అడిగింది.

"మా వంతొచ్చేతలికే తెగుద్దేంది చిన్నమ్మగారా మీ బెల్టు? పొద్దున్నే వచ్చినోళ్ళకి ఒక్కనాడన్నా తెగిందా?"

నాకు ఒళ్ళు మండింది. తుమ్ములతో, కళ్ళమంటతో పొద్దుటినుంచీ నిలబడి ఉన్నాను, పైగా కావాలని తెంచానా అన్నట్టు మాట్లాడుతుందేమిటని కసిరాను కూడా. ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది, మిగతావాళ్ళూ ఆవిడ వెనకే వెళ్ళారు. ఆ తర్వాత ఒక్కదాన్నీ మర ఊడుస్తుంటే, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికాను, దొరకలేదు. చవక బెల్టు పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే లాగుతుంది. ఎండెక్కేకొద్దీ వేడెక్కి సాగుతుంది, సాగినప్పుడల్లా మోటారును వెనక్కి జరిపి బిగిస్తాం, సాయంత్రానికి ఇక జరపడానికి చోటుండదు. అది తెగే వేళకు ఎప్పుడూ ఆ చివరివాళ్ళే మర ముందు ఉంటారు. చవకలో మేం మిగుల్చుకున్నదంతా వాళ్ళ కూలిలోంచి పోతోంది.

మర్నాడే మా అత్తగారితో మూడూ ఒకేసారి మార్చేద్దామని చెప్పాను.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకే అమ్మాయ్? తెగితే ఇంకోటి ఏస్తే సరిపోలా?" అందావిడ.

ఆ ఏడు కుట్టుమిషను కొనుక్కుందామని పుట్టింటివాళ్ళు ఇచ్చింది దాచుకున్నాను. ఆ డబ్బు తీసుకుని, పాత బెల్టులు మూడూ భుజాన తగిలించుకుని ఒంగోలు బస్సెక్కాను. కండక్టరు నన్నూ నా బెల్టుల్నీ చూసి, బండి ఎక్కడ ఆగిపోయిందమ్మా అని అడిగాడు. ఒంగోలులో మోటారు సామాన్ల కొట్టు పెద్దాయన నా వెనక మగవాళ్ళెవరైనా వస్తున్నారేమోనని కాసేపు వీధిలోకి చూసి, ఎవరూ రాకపోయేసరికి ఇక తప్పదన్నట్టు నాతోనే మాట్లాడాడు. నా బెల్టులు చూడగానే జరిగింది ఆయనకు అర్థమైపోయింది. "రెండు ముసలెద్దుల పక్కన కోడెను కట్టినట్టమ్మా. బరువంతా కోడే లాగుద్ది, అదే ముందు కూలబడుద్ది" అన్నాడు. మంచి బెల్టు మీద సైజు నంబరు పక్కన ఇంకో చిన్న నంబరు ఉంటుందనీ, పక్కపక్కన తిరిగే మూడింటికీ ఆ నంబరు ఒక్కటే అయి ఉండాలనీ, అప్పుడే మూడూ సమానంగా బరువు పంచుకుంటాయనీ కొట్లోంచి బయటికి వచ్చి మరీ చూపించాడు. మా మర పక్కన కారం జల్లించే జల్లెడ మిషనుకు కూడా మంచిదే ఇవ్వమన్నాను. బరువు లేనిచోట దానికంత దండగెందుకు, చవకదే పట్టుకెళ్ళమన్నాడు. ఎక్కువ ఖరీదుది అమ్ముకునే అవకాశం వదులుకున్న ఆ పెద్దాయన్ని నేను ఇన్నేళ్ళుగా మర్చిపోలేదు.

మిల్లు పక్కగదిలో మంచం మీదనుంచి మావారు చెబుతుంటే నేనే బెల్టులు ఎక్కించాను. బొటనవేలితో మధ్యలో నొక్కితే అంగుళం లోపే దిగాలని ఆయన, దిగుతోందని నేను, ఇంకోసారి నొక్కి చూడమని ఆయన. అయ్యాక పేటకు కబురు పంపితే ఒక్కరూ రాలేదు. నేనే వెళ్ళాను. వెళ్ళేసరికి మేస్త్రి ఇంటి అరుగు మీద రెండు చేతులూ మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుని ఉంది. మూడు రోజులుగా, కూలి నుంచి వచ్చాక రాత్రిళ్ళు, ముఠా మొత్తం కాయల్ని రోళ్ళలో దంచుకుంటున్నారట, ఆవిడ అరచేతులు పొక్కిపోయి ఉన్నాయి. ఇంటింటికీ సగం కాయలు ఇంకా దంచాల్సి ఉన్నాయి. మంచి బెల్టులు తెచ్చాను, రండి అన్నాను.

"మిల్లు మీది, బెల్టు మీది. మా చేతులు తెగవులే చిన్నమ్మగారా" అంది.

నాకు ఏడుపొచ్చింది, పౌరుషమూ వచ్చింది. అక్కడే నిలబడి చెప్పాను, ఇకమీదట ఆదివారం మిల్లు పేటవాళ్ళదే, మీ ప్రార్థన అయ్యేదాకా మర తిప్పను, మీరొచ్చేదాకా ఇంకొకరి కాయ అందులో వేయను అని. చెప్పడమైతే చెప్పాను గానీ ఇంటికొచ్చి అత్తగారికి చెప్పేసరికి నా గొంతు కాస్త సన్నబడింది. సీజన్లో ఆదివారం పొద్దున మిల్లు ఆపడమంటే ఆవిడకు పొయ్యిలో నీళ్ళు పోసినట్టే. నాతో మాట్లాడడం మానేసింది.

ఆ ఆదివారం పొద్దున రైతుల తట్టలు రెండు వచ్చాయి. రేపు తెండి అని తిప్పి పంపేశాను. ఒకాయన, కోడలి రాజ్యమా అని గట్టిగానే అని వెళ్ళాడు. చర్చిలో పాటలు ఆగిపోయాయి, పదకొండైంది, పన్నెండైంది, ఎవరూ రాలేదు. మా అత్తగారు పందిట్లో కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ రోడ్డుకేసి ఒకసారీ నాకేసి ఒకసారీ చూస్తోంది. కరెంటు ఉండి కూడా మర ఊరికే ఉందన్న బాధ ఆవిడకెంత ఉందో నాకూ అంతే ఉంది. అయినా మాట ఇచ్చాను, ఈ ఒక్క రోజు మిల్లు ఖాళీగా ఉన్నా సరే, కదలకూడదని స్టూలు మీద కూర్చున్నాను.

ఒంటిగంట దాటాక మేస్త్రి ఒక్కతే వచ్చింది, చేతిలో ఒక డబ్బాడు కాయలు. అవి మరలో పోసి మోటారు వేశాను. ఆవిడ కారం వైపు చూడలేదు, బెల్టుల వైపే చూస్తూ నిలబడింది. మూడూ ఒక్కటే అన్నట్టు, ఊగకుండా, వాసన రాకుండా తిరిగాయి. కారం చేత్తో తాకి, వేడి లేదే అంది. రంగు కూడా చెడలేదన్నాను. సరేనని బయటికి వెళ్ళి రోడ్డు మలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేసింది. తట్టలు నెత్తిన పెట్టుకుని వాళ్ళంతా అప్పటిదాకా మలుపు వెనకే కూర్చుని ఉన్నారు. ఆ సాయంత్రం కరెంటు పోయేలోపల చివరి తట్ట కూడా అయిపోయింది. ఆఖర్లో జల్లెడ దగ్గర నాకు చెయ్యి ఆడకపోతే మా అత్తగారు లేచి వచ్చి సంచులు పట్టింది.

ఆ తర్వాత అయిదారేళ్ళకు మేస్త్రి కొడుకు పేటలోనే సొంతంగా కారం మిల్లు పెట్టుకున్నాడు. బెల్టులు కొనడానికి నన్ను వెంట రమ్మని ఆవిడే వచ్చి అడిగింది. పోయేది మన బేరమేనని మా అత్తగారు లబలబలాడింది, అది నిజమే, సగం బేరం పోయింది కూడా. అయినా వెళ్ళాను. ఒంగోలు బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం, అంతకుముందెప్పుడూ మేమలా కూర్చోలేదు. మిల్లు తెరిచాక ఒకరోజు, మాకు మిల్లు ఉన్నా సరే, మా ఇంటికి కావలసిన కాయలు తట్టలో పెట్టుకుని నేనూ అక్కడికి వెళ్ళాను. నాకన్నా ముందు పదిమంది ఉన్నారు. మేస్త్రి నన్ను చూసి, పక్కకు జరిగి, అరుగు మీద చోటిచ్చింది గానీ ముందుకు మాత్రం పిలవలేదు. ఆ పదిమంది కాయలూ అయ్యేదాకా నేనూ అందరితోపాటు కూర్చుని, తుమ్ముతూ, ఆ ఏడు కాయ ధరల గురించీ చుక్కకూర పచ్చడి గురించీ మాట్లాడాను.

ఇప్పుడు మా మిల్లూ లేదు, వాళ్ళ మిల్లూ మూతపడింది, మేస్త్రి పోయి చాలాకాలమైంది. కొట్లో పాకెట్టు అడిగితే చాలు, క్షణంలో కారం చేతిలో పడుతుంది. ఆ పాకెట్టు అందుకున్నప్పుడల్లా, నా పక్కన అరుగు మీద ఎవరూ లేరన్న సంగతి కాస్త గట్టిగానే తెలుస్తుంది.