బేరం వదిలి నడిచిన మధ్యాహ్నం

దెయ్యాలను నేను నమ్మను. కొట్టు వెనక గదిలో పుట్టి పెరిగినదాన్ని. ఎవరేం చెప్పినా అందులో సగం తీసేసి వినడం చిన్నప్పుడే అలవాటైపోయింది. దెయ్యం కథ చెప్పేవాళ్ళను కూడా ముందు "మీరు కళ్ళారా చూశారా?" అని అడుగుతాను. సాధారణంగా అక్కడికే కథ సగం రేటుకు దిగుతుంది.

ఇది నాకే జరిగింది. నా మాటలో నేనెంత తగ్గించుకోవాలో తెలియక, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా నాయినకు అల్వాల్ బజారులో స్టీలు గిన్నెల కొట్టు ఉండేది. పక్కన బట్టల కొట్టు మేనమామది, ఎదురుగా కిరాణా పెదనాయినది. నేను మాత్రం లెక్కల టీచరునై, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, బహదూర్‌పల్లిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఒక్కదాన్నే అంటే మా ఇంట్లో ఇద్దరు ఒప్పుకోరు. ఒకడు సేటు. పదమూడేళ్ళ వీధి కుక్క. మా కొట్టు మెట్ల కింద పుట్టాడు. నెల తిరక్కుండానే గల్లా పక్కన గోనెసంచి మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటే నాయిన ఆ పేరు పెట్టాడు. రెండోది మిరియం, నల్లటి ఆడపిల్లి.

సేటుకు రెండేళ్ళుగా చెవులు వినపడవు. పశువుల డాక్టరు చూసి, వయసు మీద పోయింది, ఇక రాదు అన్నారు. దీపావళికి పక్కింటివాళ్ళు గోడ అవతల బాంబు పేలిస్తే ఇల్లంతా అదిరింది గానీ, వాడు నిద్రలో మీసం కూడా కదపలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

నాకు ఊళ్ళు తిరగడం ఇష్టం. కుక్కను రానిచ్చే హోటలు పిల్లిని వద్దంటుంది. పిల్లి ఫరవాలేదన్నవాళ్ళు కుక్కను కారులో కట్టెయ్యమంటారు. అందుకని నాలుగేళ్ళ కిందట ఒక కారవాన్ కొన్నాను. సినిమావాళ్ళు మేకప్ వేసుకునే బస్సులాంటిది కాదు, కారు వెనక కొక్కేనికి తగిలించుకుని లాక్కుపోయే చక్రాల గది. అమ్మేవాడు నా బేరానికి అలిసిపోయి చాలా తక్కువకి ఇచ్చాడు. తక్కువకి వచ్చిందన్న సంతోషంలో అది ఎంత పొడుగుందో చూసుకోలేదు. శ్రీశైలం ఘాట్‌లో ఒక మలుపు దగ్గర వెనక్కి తియ్యలేక, ముందుకు పోలేక, అడ్డంగా ఇరుక్కున్నాను. రెండు వైపులా బస్సులు ఆగిపోయాయి. ఆ రోజు విన్న తిట్లలో కొన్ని నేను బడిలో కూడా వినలేదు.

దాన్ని అమ్మేశాను. చిన్నది కావాలి. సేటు మోకాళ్ళు అరుగుతున్నాయి, వాడు మెట్టెక్కగలిగినంత కాలమైనా ఇద్దరినీ వెంటబెట్టుకుని తిరగాలి. అంతే నా ఆశ. మేడ్చల్ రోడ్డు పొడుగునా బండ్ల బాడీలు కట్టే షెడ్లన్నీ చూశాను. ఒకదానికి మెట్టు ఎత్తు. ఒకదాని కిటికీ తెరిస్తే మిరియం నేరుగా లారీ కిందే దూకుతుంది. ఇంకొకదాని నేల నున్నగా ఉండి సేటు నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారాయి. అక్కడున్న మేస్త్రీ నవ్వాడు. నేను అతని రేటు విని నవ్వి, లెక్క సరిచేసుకుని వచ్చేశాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం దేవరయాంజాల్ వెళ్ళాను. అక్కడ పొలాల్లో గోదాములు లేచి చాలా కాలమైంది. యాదగిరి అనే ఆయన తన భూమిలో షెడ్డు వేసుకుని, బావమరిదితో కలిసి అద్దెకిద్దామని మూడు కారవాన్లు కట్టించాడట. వ్యాపారం నడవలేదు. రెండు అమ్ముడుపోయాయి, చిన్నది మిగిలింది.

కారును అర కిలోమీటరు దూరంలో, మెయిన్ రోడ్డు మీదే ఆపాను. అమ్మేవాడు నీ బండి చూస్తే రేటు పెంచుతాడని మా నాయిన నమ్మకం, నాదీ అంతే. ఎండ తెల్లగా ఉంది. మట్టిదారి చివర నీళ్ళు నిలిచినట్టు మెరుస్తోంది, దగ్గరికి వెళ్తుంటే ఆ నీళ్ళు వెనక్కి జరుగుతున్నాయి. ఒక చేతిలో మిరియం ఉన్న మూత బుట్ట, ఇంకో చేతిలో సేటు తాడు. బుట్టలో నీళ్ళ సీసా, తిండి డబ్బా కూడా ఉన్నాయి. బరువుగానే ఉంది.

షెడ్డు రేకుల కింద ఆ బండి మెడ వంచి పడుకున్న దూడలా ఉంది. మెట్టు తక్కువ ఎత్తు. సేటు ఎవరూ చెప్పకుండానే ఎక్కి, తలుపు పక్కన కూర్చున్నాడు. లోపల ఆకుపచ్చ కర్టెన్లు. వాటి గుండా వచ్చే వెలుగులో నా చేతులు కూడా నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించాయి. బుట్ట మూత తీశాను. మిరియం ప్రతి మూలా వాసన చూస్తూ తిరిగింది.

మా ఇంట్లో మంచం కొనేముందు కొట్లోనే ఒకసారి పడుకుని చూస్తారు. యాదగిరి ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్ళగానే నేనూ పడుకున్నాను. పైన రేకులు ఎండకు సాగుతూ ఒక్కొక్కటే టంగుమంటున్నాయి. మా కొట్లో సాయంత్రాలు నాయిన పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చే చప్పుడు అచ్చం అలాగే ఉండేది. నేను మళ్ళీ చిన్నప్పటిలా కొట్లో స్టూలు మీద కూర్చున్నాననీ, కాళ్ళు నేలకు అందడం లేదనీ అనిపించింది. ఎంతసేపు కునుకు తీశానో తెలియదు. ఐదు నిమిషాలో, పావుగంటో. ఆ తర్వాత జరిగినదానికి ఈ కునుకే కారణమని మీరనుకుంటే నేను కాదనను. నేనూ అలా అనుకోవడానికి చాలా ప్రయత్నించాను.

లేచి, బుట్ట మూత వేసి, చేత పట్టుకుని బేరానికి దిగాను.

బండి నాకు బాగా నచ్చింది. అందుకే వంకలు ఎక్కువ పెట్టాను. తుప్పు అన్నాను. కర్టెన్లు వెలిశాయన్నాను. చక్రాలు చూసి నిట్టూర్చాను. యాదగిరి వింటూ నిలబడ్డాడు. మూడింటికి శామీర్‌పేటలో ఎవరిదో నిశ్చితార్థం ఉందని మొదటే చెప్పాడు, మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు.

"మేడం, నేను భూములు అమ్మినోణ్ణి. గింత దానికి గింత బేరమేంది? ఒక్కటే మాట చెప్పిన, గంతే," అన్నాడు.

"అయితే ఉండనియ్యన్నా. నీ డబ్బా నీ షెడ్లనే సల్లగ ఉంటది," అన్నాను.

"మీ ఇష్టం మేడం."

ఇక మిగిలింది నడిచి వెళ్ళిపోవడం.

ఈ విద్య నేను అటువైపు నుంచి నేర్చుకున్నాను. మా కొట్లో బేరం తెగక, కొనవచ్చిన గిరాకీ మెట్లు దిగితే, నాయిన వెంటనే పిలిచేవాడు కాదు. మా కొట్టుకు నాలుగు కొట్ల అవతల పిండి గిర్నీ ఉండేది. గిరాకీ ఆ గిర్నీ మెట్టు దాకా పోవాలి. ముందే పిలిస్తే మనం చులకన. దాటాక పిలిస్తే వాళ్ళు పక్క కొట్లో ఉంటారు. సరిగ్గా అక్కడికి చేరగానే, అరవకుండా, పెళ్ళిపందిట్లో చుట్టాన్ని పిలిచినట్టు పిలిచేవాడు: "ఓ తల్లీ, ఇగ రా. నీ మాటే కానీ." ఆ పిలుపుకి గిరాకీ కంటే ముందు సేటు పరుగెత్తుకొచ్చేవాడు. పిల్లగా ఉన్నప్పుడు, బజార్లో ఎక్కడ తిరుగుతున్నా, అది తనకే అనుకునేవాడు. నాయిన పోయి ఆరేళ్ళయింది.

కొనేవాళ్ళ వైపు నుంచి దీనికి ఒకటే సూత్రం. నడక నిజంగా ఉండాలి. వెనక్కి చూడకూడదు, అడుగు తగ్గకూడదు. అమ్మేవాడికి మన వీపులో కూడా ఆశ కనిపించకూడదు. నేను ఆ రోజు ఎంత బాగా నడిచానంటే, నిజంగానే వెళ్ళిపోతున్నానని నేనే నమ్మాను. వెనక ఏదో మూత పడిన చప్పుడైంది. చూడలేదు.

పక్క గోదాము కూడా దాటాను. దారి చివర నీళ్ళు మెరుస్తున్నాయి. నా నీడా సేటు నీడా కాళ్ళ కిందే ఇమిడిపోయాయి. చుట్టూ ఏ చప్పుడూ లేదు.

"ఓ తల్లీ, ఇగ రా. నీ మాటే కానీ."

దగ్గరా కాదు, దూరమూ కాదు. నాలుగు కొట్ల అవతలి నుంచి.

అప్పుడు నాకు కలిగింది భయం కాదు. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ, గెలిచాననుకున్నాను. యాదగిరి దిగొచ్చాడు అనుకున్నాను. ఆ గొంతు ఎవరిదో, ఆ మాటలు ఎవరివో నా బుర్రకు తట్టనే లేదు, రేటు ఒక్కటే తట్టింది. మొహం మీద నవ్వు రాకుండా సర్దుకుని వెనక్కి తిరిగాను.

షెడ్డు షట్టరు దించి ఉంది. తాళం వేసి ఉంది. దారి మీద మనిషి లేడు.

సేటు అప్పటికే వెనక్కి తిరిగి, తాడు బిగిసేలా నిలబడి ఉన్నాడు. తోక నెమ్మదిగా ఊపుతున్నాడు. అప్పుడు చేతిలో బుట్ట చూసుకున్నాను. మూత తీస్తే సీసా, తిండి డబ్బా ఉన్నాయి. మిరియం లేదు.

తర్వాత ఎలా పరుగెత్తానో తెలియదు. షట్టరు ముట్టుకుంటే చెయ్యి కాలింది. రేకుల షెడ్డు, అందులో మూసిన ఇనప గది, అందులో పిల్లి. యాదగిరి నిశ్చితార్థం ముగించుకుని నేరుగా ఇంటికి పోతే రేపు పొద్దున్న దాకా ఆ తాళం తెరుచుకోదు. నేనేమో కారెక్కి, బుట్ట వెనక సీట్లో పెట్టి, ఏసీ వేసుకుని, ఇంకెంత తగ్గించవచ్చో లెక్కలేసుకుంటూ బహదూర్‌పల్లి చేరేదాన్ని.

మూడోసారికి యాదగిరి ఫోను ఎత్తాడు. వెనక గేటు నుంచి వెళ్ళిపోయి, అప్పటికే శామీర్‌పేట రోడ్డు మీద దూరం పోయాడు. నేను చెప్పింది విని వెంటనే బండి తిప్పాడు.

పక్క గోదాముకు కాపలా ఉండే లచ్చవ్వ నీళ్ళు తెచ్చింది. ఆమె రేకు పందిరి నీడలో కూర్చుని ఉందట. ఇందాక పిలిచిందెవరని ఆమెను అడిగాను.

"ఎవలు పిల్వలే బిడ్డా. నేను సూస్తనే ఉన్న. ముందుగాల కుక్క నిలవడ్డది, ఎనుకకు మల్లింది. గప్పుడు నువ్వు నిలవడ్డవు."

నేను మళ్ళీ అడిగాను. ముందు నేను ఆగానా, కుక్క ఆగిందా?

"కుక్కనే బిడ్డా. నువ్వు దాన్ని గుంజినవు గూడ."

యాదగిరి ఇరవై నిమిషాల్లో వచ్చాడు. నా జీవితంలో అంత పొడుగు ఇరవై నిమిషాలు లేవు. తలుపు తీస్తే లోపలి గాలి మొహం మీద కొట్టింది. మిరియం మంచం కింది అరలో పడుకుని ఉంది. నోరు తెరిచి ఆయాసపడుతోంది. నా చీర కొంగు తడిపి చుట్టాను. లచ్చవ్వ దాని పాదాలకు నీళ్ళు రాసింది. కాసేపటికి కళ్ళు తెరిచి, నా వేలు కొరికింది. ఆ కాటు కంటే మంచి వార్త నేనెప్పుడూ వినలేదు.

యాదగిరి గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. "తప్పయింది మేడం, లోపట సూడకనే తాళమేసిన. మీరన్న రేటుకే తీస్కపోండ్రి," అన్నాడు.

తప్పు ఆయనది కాదు. మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో పిల్లి, కాళ్ళ దగ్గర కుక్క, నేనన్న మాటలు విని నేనే ఆశ్చర్యపోయాను.

"వద్దన్నా. నీ మాటే కానీ."

నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని ఆయన ఇంకో చెంబు నీళ్ళు ఇచ్చాడు. మొదట చెప్పిన రేటు మొత్తం ఇచ్చి బండి తెచ్చుకున్నాను. కర్టెన్లు కూడా మార్పించుకోలేదు. ఈ విషయం మా బజారు చుట్టాలకు ఇప్పటికీ చెప్పలేదు. కుక్క విన్నదంటే నమ్ముతారేమో గానీ, నేను బేరం చెయ్యలేదంటే నమ్మరు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. సేటు వెనక నిలబడి స్టీలు పళ్ళేలు కొట్టాను. కదల్లేదు. నేల అదరకుండా, నీడ పడకుండా, నాయిన గొంతులా తగ్గించి అవే మాటలు పిలిచాను. పొద్దున, సాయంత్రం, వారం రోజులు పిలిచాను. వాడు గోనెసంచి మీద పడుకుని గోడను చూస్తూనే ఉన్నాడు. డాక్టరు మళ్ళీ చూసి, ఏమీ మారలేదన్నారు.

కునుకు మత్తులో నేనే విన్నాననుకుందాం. రేకుల చప్పుడే గొంతులా వినపడిందనుకుందాం. లోపలెక్కడో పిల్లి సంగతి నాకు గుర్తుండి, మనసే అలా పిలిచిందని కూడా ఒక డాక్టరమ్మ అన్నారు. నా మట్టుకు అవన్నీ ఒప్పుకుంటాను. కానీ నా మనసులో మాట నాకంటే ముందు ఆ చెవిటి కుక్కకు ఎలా వినిపించిందో ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

ఇది ఆ బండిలోనే కూర్చుని రాస్తున్నాను. శామీర్‌పేట చెరువు వైపు మంచు ఇంకా విడలేదు, ఆకుపచ్చ వెలుగులో ఇద్దరూ పడుకుని ఉన్నారు. ఎప్పుడైనా సేటు ఉన్నట్టుండి తలెత్తి తలుపు వైపు చూస్తాడు, తోక నెమ్మదిగా ఊపుతాడు. బయట ఎవరున్నారో నేను చూడను. ముందు మిరియం ఎక్కడుందో చూసుకుంటాను.