రేటు చీటీల అత్తయ్య

ఎర్రక్షరాల్లో "సగం ధర" అని కనిపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సోమవారం రేటు రెట్టింపు చేసి, శుక్రవారం దాన్ని కొట్టేసి, మనల్నేదో ఉద్ధరిస్తున్నట్టు పాత రేటే కింద వేస్తారు. పైగా మనకెంత మిగిలిందో వాళ్ళే లెక్కగట్టి చెబుతారు. ఈ విద్య గుట్టు నాకు తెలిసింది మా మేనత్త వల్ల. మా వీధి చివరి సూపర్ మార్కెట్‌లో అరలకు రేటు చీటీలు అంటించే ఉద్యోగం ఆవిడది.

మామయ్య బస్సు నడిపేవాడు. నడుం పట్టేసి మంచమెక్కాక ఇల్లు అత్తయ్య జీతం మీదే గడుస్తోంది. పాత చీటీని బొటనవేలి గోరుతో ఆవిడ ఊడదీస్తే అంచు కూడా చిరగదు. పని అంత శుభ్రం. ఆ పని మీద కోపం మాత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మొదలయ్యేది.

"ఈ వేలితోనే పెంచాను, ఈ వేలితోనే తగ్గించాను. మధ్యలో అరలోని డబ్బా కదిలితే ఒట్టు" అనేది.

"మానెయ్యరాదూ?"

"మానేస్తే మీ మామయ్య మందులు నువ్వు కొంటావా?"

నేను లేచి ఆవిడకు మంచినీళ్ళు తెచ్చేదాన్ని.

ఆవిడ తనంతట తాను ఎవరికీ చెప్పేది కాదు. అడిగితే మాత్రం దాచేది కాదు. ఎవరో ఒకామె సబ్బుపొడి పట్టుకుని, "నిజంగానే తగ్గిందా అండీ?" అంటే, "లేదమ్మా, పోయిన వారం మొదట్లోనూ ఇదే రేటు" అందట. ఆ మాట వీధి వీధంతా పాకింది. జనం సరుకు చేత్తో పట్టుకుని అత్తయ్య కోసం అరల మధ్య వెతకడం మొదలుపెట్టారు. సగం ధర సరుకు కదలడం మానేసింది.

మేనేజరు పిలిచాడు. "రేట్లు పైనుంచి వస్తాయమ్మా, నన్నేం చెయ్యమంటారు? ఎవరైనా అడిగితే తెలీదనండి."

"అంటించింది నేనే కదా సార్. తెలీదంటే నవ్వరూ?"

ఆ వారమే ఆవిడను గోడౌన్లోకి మార్చాడు. అక్కడ కొనేవాళ్ళు ఉండరు, అట్టపెట్టెలు ఉంటాయి. ఇంకొక్కసారి ఎవరికైనా చెప్పినట్టు తెలిస్తే ఇక పనిలోకి రావద్దన్నాడు. ఆవిడకు అసలే భుజం నొప్పి. "తెలీదు అనే ఒక్క ముక్క అనేస్తే పోయేదేముంది అత్తయ్యా?" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపుకి నాకే సిగ్గేసింది.

ఒకరోజు ఆవిడ కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వెళ్తే, ఇవ్వడానికి గోడౌన్‌కి వెళ్ళాను. అత్తయ్య పెట్టెలు సర్దుతోంది. మేనేజరు పక్కనే నిలబడి సరుకు సరిచూసుకుంటున్నాడు. అంతలో ఒక పెద్దావిడ నూనె డబ్బా చంకన పెట్టుకుని సరాసరి గోడౌన్లోకి వచ్చేసింది.

"రేటు చీటీల ఆవిడ మీరేనా తల్లీ? ఇది నిజంగా తగ్గిందేనా? మిమ్మల్ని అడిగి తెలుసుకోమంది మా పక్కింటావిడ."

మేనేజరు మొహం పాలిపోయింది. "అమ్మా, నువ్విక్కడికెందుకొచ్చావ్?" అన్నాడు.

అత్తయ్య ఆయన వంక చూసింది. మామయ్య మందులు, ఇంటి అద్దె అన్నీ ఆ గదిలోనే నిలబడ్డట్టు అనిపించింది. 'తెలీదని చెప్పు అత్తయ్యా, తెలీదని చెప్పు' అని లోలోపల వేడుకున్నాను.

"తగ్గలేదండీ. పదిరోజుల కిందటా ఇదే రేటు" అంది అత్తయ్య.

పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది. "మరి నిన్న సగానికే వచ్చిందని మురిసిపోతూ రెండు డబ్బాలు మోసుకొచ్చావేంరా?"

ఆయన చేతిలోని సరుకు జాబితాలోకి తల దూర్చాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. నేనైతే ఊరుకునేదాన్ని కాదు. అందుకే ఆవిడంటే నాకు అంత గౌరవం.

మర్నాడు ఆవిడను మళ్ళీ అరల దగ్గరికి పంపాడు. "అడిగితే చెప్పండమ్మా. కాస్త మెల్లగా చెప్పండి, అంతే" అన్నాడట.

అత్తయ్య సరేనంది. పాపం, ఆయనకింకా తెలీదు. మా అత్తయ్య గుసగుసలాడితే ఎదురింటివాళ్ళు కిటికీ తెరిచి, "మమ్మల్నేనా పిలిచారు?" అని అడుగుతారు.