పిడుగుబండ మీద విడిది

చందంపేట దాటి కృష్ణ వెనుక జలాల వైపు పోయే దారిలో కుడిచేతి పక్కన ఒక రాతిగుట్ట ఉంది. దాని నెత్తిన చదునైన నల్లబండ. గొర్ల కాపరులు దాన్ని పిడుగుబండ అంటారు. గుర్వయ్యకు పన్నెండేళ్లున్నప్పుడు ఒక్క దెబ్బకు వాళ్ల నాయిన గొర్రెలు పదకొండు ఆ బండ మీద కాళ్లు చాపి పడిపోయాయి. అప్పటి నుంచి మబ్బు పట్టిందంటే ఆ ఇంటి మంద బండ మీదికి ఎక్కలేదు. గుట్ట నడుమున ఒక లొద్ది ఉంది, రెండు పక్కలా రాళ్లు, మధ్యన పల్లం. ఉరిమితే మందను అందులోకి దించి, చేతిలో గొడ్డలి దూరంగా పారేసి, గొంగడి కప్పుకొని గొంతుక్కూర్చోవాలి. గుర్వయ్యకు నాయిన నేర్పింది అదే.

తెలంగాణ వచ్చిన నాలుగేళ్లకు హైదరాబాద్ నుంచి ఒక ఏజెన్సీ వాళ్లు దిగారు. నది ఒడ్డు నుంచి గుట్ట మీదుగా నడకదారి వేస్తామని, పట్నం పిల్లలు శని, ఆదివారాలు వచ్చి నడుస్తారని, దారిలో వాళ్లు అలుపు తీర్చుకోవడానికి మూడు చోట్ల విడిది షెడ్లు కడతామని చెప్పారు. గుట్టలో అడుగడుగు తెలిసినవాడు కావాలంటే ఊరివాళ్లు గుర్వయ్యను చూపించారు. దారి వేయించే దామోదర్ సారును వెంటబెట్టుకొని మూడు రోజులు తిప్పాడు గుర్వయ్య. మూడో షెడ్డుకు సారు ఎంచుకున్న జాగా పిడుగుబండ.

"సార్, గీడ వద్దు. గీ బండ మీద పిడుగులు పడ్తయ్. మేం మేకను గూడ నిలవెట్టం. కింద లొద్దిల కట్టుండ్రి" అన్నాడు గుర్వయ్య.

దామోదర్ సారు నది వైపు చూస్తూ నవ్వాడు. "లొద్దిల ఏం కనవడ్తది తాతా, రాళ్లు తప్ప? కృష్ణ మొత్తం కనవడేది గీడికెళ్లే. ఫికర్ జెయ్యకు, పిడుగు గుంజుకునే రాగి కడ్డీ పెట్టిస్తం."

ఇనుప స్తంభాలు లేచాయి. రేకు కప్పు పడింది. లోపల సిమెంటు బల్లలు, బయట రంగుల బోర్డు. రాగి కడ్డీ మాత్రం రాలేదు. గుర్వయ్యను ఆ షెడ్డుకే కాపలా పెట్టారు. ఊడ్వాలి, డ్రమ్ములో నీళ్లు నింపాలి, వచ్చినవాళ్లను చూసుకోవాలి. మందలో సగం అప్పటికే రోగమొచ్చి పోయింది. కొడుకు శివకృష్ణ నార్కట్‌పల్లిలో లారీల మీద పని చేస్తున్నాడు. గుర్వయ్య కాదనలేదు. జీతానికి పోయినప్పుడల్లా కడ్డీ సంగతి అడిగేవాడు. వస్తుందనేవారు.

నాలుగేళ్లపాటు ఆయన తన పద్ధతిలోనే నడిపాడు. ఉరుము వినబడితే చాలు, షెడ్డులో ఉన్నవాళ్లను లేపి లొద్దిలోకి తోలేవాడు. కొందరు నవ్వుకుంటూ దిగేవారు, కొందరు తిట్టుకుంటూ తడిసేవారు. ఒక దసరా సెలవుల్లో అట్లా తడిసిన జట్టు ఒకటి, కాపలా ముసలోడు మమ్మల్ని వానలోకి వెళ్లగొట్టాడని ఫోన్లలో రాసి పెట్టింది. మర్నాడే దామోదర్ సారు ఫోను చేశాడు.

"షెడ్డు కట్టిందే వాన వడితే కూసోనీకి. నువ్వు మనుషులను గొర్లను తోలినట్టు తోలుతున్నవట. ఇంకొక్కసారి గిట్ల అయితే వేరేటోన్ని పెట్టుకుంట."

భార్య ఉప్పలమ్మ ఆ మాటలు పక్కనుంచి విన్నది. "ఊకో. ఆళ్ల షెడ్డు, ఆళ్ల ఇష్టం. నువ్వెందుకు మాట వడ్తవ్?" అన్నది.

మరుసటి ఏడాది చిత్తకార్తెలో ఒక ఆదివారం. పొద్దున ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. పదకొండు గంటలకు నలుగురు పిల్లలు గుట్టెక్కి వచ్చారు, ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. అందులో సుహాసిని అనే పిల్ల కుంటుతోంది. దారిలో మడమ బెణికింది. మిగతా ముగ్గురు ఫొటోల కోసం బండ అవతలి వాలుకు దిగారు. సుహాసిని బల్ల మీద కాలు చాపుకొని కూర్చుంది. అప్పుడే ఉప్పలమ్మ మధ్యాహ్నపు సద్ది పట్టుకొని వచ్చింది. పిల్ల కాలు చూసి తన కొంగు చివర చింపి మడమకు కట్టు కట్టింది. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెడితే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు కారుతున్నా నవ్వుతూ తిన్నది.

నది మీద నుంచి మబ్బు లేచింది. చూస్తుండగానే నల్లబడింది. చినుకులు మొదలయ్యాయి, దూరంగా ఒక ఉరుము. గుర్వయ్య లేచి లొద్ది వైపు చూశాడు. దిగే దారి రాళ్ల మీద, పిల్ల కాలు నేల మీద మోపలేదు. ఎత్తుకొని దింపవచ్చు. ఆయన నిజంగానే రెండడుగులు ఆమె వైపు వేశాడు. దామోదర్ సారు గొంతు చెవుల్లో మోగింది.

"షెడ్డులనే కూసో బిడ్డా. నేను పొయ్యి మీ దోస్తులను పిలుసుకొస్త" అన్నాడు.

"ఒక్కదాన్నే ఉండాల్నా తాతా?" అన్నది సుహాసిని.

"నేనుంట గద బిడ్డా" అని ఉప్పలమ్మ ఆ పిల్ల పక్కన కూర్చుంది.

గుర్వయ్య నలభై అడుగులు కూడా పోలేదు. లోకమంతా తెల్లగా అయిపోయింది. ఏదో ఆయన్ను వెనక నుంచి తోసి బోర్లా పడేసింది. లేచి చూస్తే షెడ్డు నిలబడే ఉంది. ఇద్దరూ నేల మీద ఉన్నారు. ఉప్పలమ్మ వెల్లకిలా, పిల్ల ఒత్తిగిల్లి. ఆయన ఉప్పలమ్మ దగ్గరికి ఉరికాడు. తల ఒడిలో పెట్టుకొని పిలిచాడు, చెంపలు తట్టాడు, రొమ్ము రుద్దాడు. ఎంతసేపో తెలియదు. ముగ్గురు పిల్లలు వానలో పరుగెత్తి వచ్చి అరిచేదాకా ఆయన రెండోవైపు చూడలేదు. ఊరి నుంచి మనుషులొచ్చి ఇద్దరినీ మంచాల మీద దించారు. దేవరకొండ దవాఖానకు చేరేసరికి ఇద్దరిలో ఎవరికీ ప్రాణం లేదు.

ఉప్పలమ్మ పదకొండో దినం కాకముందే దామోదర్ సారు ఇంటికొచ్చాడు. చాప మీద కూర్చొని ఒక కాగితం తీశాడు. కాపలాదారుడు హెచ్చరించినా సందర్శకురాలు వినలేదని అందులో ఉంది.

"నీ మీదికి రావొద్దనే గిట్ల రాసిన తాతా" అన్నాడు సారు.

శివకృష్ణ కాగితం చదివి వినిపించాడు. "పెట్టు బాపు. అమ్మ ఎట్లాగూ పాయె. నువ్వు గూడ జైలుకు పోతవా?" అన్నాడు. గుర్వయ్య సంతకం పెట్టాడు.

నాలుగు నెలల తర్వాత మాఘమాసపు ఎండలో ఒక ఆమె ఒంటరిగా ఆటోలో ఊరికి వచ్చింది. పేరు స్వర్ణ, దిల్‌సుఖ్‌నగర్ బడిలో టీచరు, సుహాసిని తల్లి. జాగా చూడాలన్నది. గుర్వయ్య ముందు నడిచాడు. షెడ్డు దగ్గర ఆమె ఒక్కో స్తంభాన్నీ ముట్టి చూసింది.

"కాగితం చదివిన. నువ్వు వద్దన్నా ఇనలేదని ఉన్నది" అన్నది. "నా బిడ్డ గట్లాంటిది కాదు. పెద్దోళ్లు చెప్తే ఎదురు మాట్లాడేది కాదు. నాలుగు నెలలసంది గదే ఆలోచిస్తున్న. నువ్వేమన్నవ్, అదేమన్నది? నాకు గంత చెప్పు చాలు."

గుర్వయ్య నేల మీద కూర్చున్నాడు.

"ఆ బిడ్డ ఎదురు మాట్లాడలేదమ్మా. నేనే కూసోమన్న. గీడ పిడుగు వడ్తదని తెల్సి గూడ కూసోమన్న. కింద లొద్దికి ఎత్తుకపోవాల్సింది. నౌకరి పోతదని భయపడ్డ."

గుర్వయ్య ఆగలేదు, ఆగితే మిగిలింది లోపలే ఉండిపోతుందని తెలుసు. "పిడుగు వడ్డంక ముందు నా ఇంటిదాని కాడికే ఉరికిన. బిడ్డ దిక్కు చూడలే."

"అప్పుడు దానికి పానం ఉండెనా?"

"తెల్వదమ్మా. చూడలే."

స్వర్ణ చెయ్యి లేచింది. ఆయన చెంప మీద ఒకసారి కొట్టింది, మళ్లీ కొట్టింది. మూడోసారి చెయ్యి లేచి గాలిలోనే ఆగిపోయింది. బల్ల అంచున కూర్చొని నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. గుర్వయ్య కూర్చున్న చోటు నుంచి లేవలేదు.

ఆ సాయంత్రం అదే ఆటోలో ఆయన ఆమె వెంట పోలీసు ఠాణాకు పోయాడు. సంతకం పెట్టిన కాగితం అబద్ధమని, కడ్డీ పెట్టలేదని, షెడ్డులో కూర్చోమన్నది తానేనని చెప్పాడు. రాసుకునే జమేదారు కలం ఆపాడు. "గిది నీ మెడకే సుట్టుకుంటది, తెల్సా?"

"తెల్సు సార్. రాయుండ్రి."

అట్లాగే అయింది. కేసులో ఆయన పేరు దామోదర్ సారు పేరు పక్కన చేరింది. వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. కాపలా పని పోయింది. శివకృష్ణ ఏడాది దాకా ఇంటికి రాలేదు. వచ్చినప్పుడు కూడా తండ్రితో కలిసి అన్నం తినలేదు. ఆ ఎండాకాలంలోనే షెడ్డుకు రాగి కడ్డీ పెట్టారు, కొత్త రంగు వేశారు. వేరే ఊరి మనిషి కాపలా ఉంటున్నాడు.

స్వర్ణ మళ్లీ రాలేదు. వాయిదాల్లో కోర్టు వరండాలో కనిపిస్తుంది. ఆమె ఒక చివర, గుర్వయ్య ఇంకో చివర. పోయిన వాయిదాకు ఆమె జుట్టు సగం తెల్లబడి ఉంది. పేర్లు పిలిచేదాకా ఇద్దరూ గోడకానుకొని నిలబడ్డారు, తర్వాత లోపలికి పోయారు.