ప్రేమ్‌రాజ్ బావ అడ్డదారి

ప్రేమ్‌రాజ్‌కు తిన్నని రోడ్డంటే గిట్టదు. ఎదురుగా అబిడ్స్ మెయిన్ రోడ్డు బారుగా, వెడల్పుగా, రెండు పక్కలా దుకాణాలతో కళకళలాడుతుంటే ఆయన మొహం చిట్లించి పక్క సందులోకి తిరుగుతాడు. "గిటు రా, అడ్డదారి ఉన్నది" అంటాడు. ఆయన వెనకాల ఒక్కసారి వెళ్ళినవాళ్ళు ఆ మాట వినగానే పరిగెత్తి ఆటో ఎక్కుతారు. ఎన్నడూ వెళ్ళనివాళ్ళు, పాపం, వెళ్తారు.

ఒకసారి వెళ్ళి కూడా మళ్ళీ మళ్ళీ వెళ్ళే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే. అతను మైకేల్, ప్రేమ్‌రాజ్ భార్య మాబెల్‌కు సొంత తమ్ముడు. మెదక్ నుంచి నాంపల్లిలోని ఒక సర్కారు ఆఫీసుకు బదిలీ మీద వచ్చి, గన్‌ఫౌండ్రీలో అక్క ఇంటి మేడమీది గదిలో దిగాడు. ఆఫీసు నడిచి వెళ్ళేంత దూరమే. బావగారి పొద్దుటి నడకా అటువైపే. అక్క చేతి అన్నం తింటూ బావ మాట కాదంటే ఏం బాగుంటుంది? అందుకని మైకేల్ రోజూ పళ్ళు కొరుక్కుంటూ వెనకాల నడిచేవాడు.

ప్రేమ్‌రాజ్ ఒక మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యాడు. పనామా కాలువ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తాడు. కోఠీ ఎటుందో కళ్ళు తెరిచినా చూపించలేడు. అడిగితే మాత్రం జవాబు సిద్ధం.

"భూమి గుండ్రంగ ఉన్నదిరా మైకేల్. ఎటు పోయినా చేరుతం."

"చేరుతం బావా. గని ఆఫీసు పదిన్నరకు."

ఒక సాయంత్రం మాబెల్‌కు చీర కొందామని ముగ్గురూ సుల్తాన్ బజార్‌కు బయల్దేరారు. దారిలో ఒక ఫంక్షన్ హాలు కనిపించింది. "దీని ముందు గేట్లకెల్లి పోయి ఎనక గేట్లకెల్లి వెళ్తే సీదా చీరల షాపే" అన్నాడు ప్రేమ్‌రాజ్. లోపల పెళ్ళి జరుగుతోంది. గుమ్మంలో ముగ్గురి మీదా పన్నీరు చల్లారు. ఇద్దరు ముసలాయనలు మైకేల్‌ను గట్టిగా కౌగిలించుకుని, "ఎంత పెద్దోనివైనవ్‌రా!" అని కళ్ళు తుడుచుకున్నారు. వెనక గేటుకు తాళం. తాళంచెవి వంటమాస్టర్ దగ్గర. వంటమాస్టర్ భోజనాలయ్యేదాకా కదలడు. బగారా అన్నం తిని బయటపడేసరికి చీరల షాపు షట్టర్ దించుతున్నారు.

"ఎవల పెండ్లో తెల్వకుండ తిని వస్తిమి. మీతోని వస్తే గింతే" అంది మాబెల్ ఇంటికి వస్తూ.

"కడుపు నిండింది గదా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఇంకోసారి బేగం బజార్‌లో ఆయన దగ్గరి దారి ఎండుమిర్చి గోదాంలో నుంచి పోయింది. మైకేల్ రెండు రోజులు తుమ్మాడు. మూడో రోజు ఆఫీసులో ఎవరో మిర్చి బజ్జీ తెస్తే దాన్ని చూసి కూడా తుమ్మాడు.

ఇవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది జూలైలో జరిగింది.

పదకొండేళ్ళు ఎదురుచూస్తే మైకేల్‌కు ప్రమోషన్ ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. ఆ పొద్దున ఇస్త్రీ బట్టలు వేసుకుని, చప్పుడు కాకుండా బూట్లు చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. కింద గేటు దగ్గర తెల్లచొక్కాతో, గొడుగుతో బావ నిలబడి ఉన్నాడు.

"బావా, నీకు దండం పెడుత. ఇయ్యాల ఒక్కరోజు మెయిన్ రోడ్డు."

"మెయిన్ రోడ్డు తవ్విన్రు."

"ఎవరు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పాల్నా? ఇది హైదరాబాద్. తవ్వకుంట ఉంటరా?"

ఆ మాటకు ఎదురు చెప్పేలోపే ఆయన సందులోకి తిరిగాడు. ఒక టీవీ రిపేరు షాపు వెనకగా వెళ్ళి, పోస్టర్లు అంటించిన పాతగోడ పక్కన తుప్పు పట్టి సగం తెరుచుకున్న గేటులో దూరాడు. రోజూలాగే మైకేల్ కూడా దూరాడు.

ఆ గోడ అవతల ఒక పాత సమాధుల తోట ఉందని చుట్టుపక్కల దుకాణాల వాళ్ళే మరిచిపోయారు. సర్కారు తుమ్మ, కాంగ్రెస్ గడ్డి, పేరు తెలియని తీగలు నడుమెత్తు పెరిగి రాళ్ళను మింగేశాయి. అక్కడొక సిలువ కొస, ఇక్కడొక పలక అంచు. హారన్ల మోత కూడా లోపలికి వచ్చేసరికి సన్నబడింది. మధ్యలో నుంచి మనిషి పట్టేంత కాలిబాట మాత్రం వంకరటింకరగా పోతోంది.

"గట్టిగ అడుగెయ్యి. పురుగు పుట్ర ఉంటది" అన్నాడు ప్రేమ్‌రాజ్. తాను మాత్రం అడుగు అడుగుకూ పాదం నేలకు అదిమి అదిమి, పేడ తొక్కినవాడిలా నడుస్తున్నాడు. నడుస్తూనే పాఠం ఎత్తుకున్నాడు.

"వీళ్ళందరు ఫౌజోళ్ళురా. ఈయన గుర్రం మీద పోయెటోడు. ఈయన బర్మాల మూడు నెలలు అడవిల ఆకులు తిని బతికిండట. గీ చిన్న రాయి బాకా ఊదెటాయనది."

"బావా, టైము పది దాటింది."

"ఇగో, హవల్దార్ యాకోబు. అరవై ఐదు యుద్ధంల కాలికి గుండు తాకినా..."

"బావా! వీళ్ళకు తొందర లేదు. నాకున్నది!"

అవతలి గేటుకు అడ్డంగా తుమ్మకొమ్మ విరిగి పడి ఉంది. దాని కింద నుంచి పాకి బయటపడి, మైకేల్ ఇంటర్వ్యూ గదిలో కాలుపెట్టేసరికి పదకొండు దాటింది. బోర్డులో పెద్దాయన మైకేల్ కాగితాలు చూడలేదు. ప్యాంటు చూశాడు. మోకాళ్ళదాకా ఉత్తరేణి గింజలు. అంతలో చొక్కా జేబులో నుంచి ఒక మిడత ఎగిరి టేబుల్ మీద వాలింది.

"ఎక్కణ్ణుంచి వస్తున్నారు?"

"గన్‌ఫౌండ్రీ నుంచి సార్."

"మధ్యలో ఏ అడవి తగిలింది?"

ప్రమోషన్ రజని అనే జూనియర్‌కు వెళ్ళింది. ఆమె మెయిన్ రోడ్డు మీద వచ్చింది.

మైకేల్ నాలుగు రోజులు బావతో మాట్లాడలేదు. మాబెల్ ఊరుకుంటుందా? మొగుణ్ణి నిలదీసింది. "ఇగ నుంచి మీరు మెయిన్ రోడ్డు మీదనే నడవాలె. లేకుంటే ఇంట్లనే కూసోవాలె." ప్రేమ్‌రాజ్ ఏళ్ళ తరువాత మొదటిసారి, బడికి పోయే పిల్లాడిలా తల వంచుకుని, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నడిచాడు. ఇరవై అడుగులు వేశాడో లేదో, కదిలిన పలక మీద కాలు పడి చీలమండ విరిగింది. దవాఖానలో కట్టు వేస్తుంటే ఆయన మొహంలో నొప్పి కన్నా గెలుపే ఎక్కువ కనిపించింది.

"చూసిన్రా? మెయిన్ రోడ్డు ఎంత డేంజరో నేను జెప్పలే?"

ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. మైకేల్ పైకి అయ్యో అన్నాడుగాని, మర్నాడు మెయిన్ రోడ్డు మీద ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళాడు. ఎంత సుఖం! దారిలో ఇరానీ చాయ్ తాగినా ఇంకా ముందే చేరాడు.

సాయంత్రం ఇంటికి రాగానే మంచం మీది నుంచి ప్రశ్న వచ్చింది.

"తోటలకెల్లి పోయినవా?"

"ఔ బావా, పోయిన."

"తుమ్మకొమ్మ ఇంక అడ్డమే ఉన్నదా?"

"ఉన్నది."

"నేను పడకముందే దాన్ని తీపిచ్చిన. అబద్ధమాడుతున్నవ్."

రోజూ ఇదే పరీక్ష, రోజూ ఇదే సున్నా. పదిహేను రోజులు అడిగాడు. ఆగస్టు మొదటి శుక్రవారం సాయంత్రం మాత్రం అడగలేదు. మైకేల్ వచ్చేసరికి, చీపురుకట్టను చంకలో ఊతంగా పెట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ గుమ్మం దాకా చేరాడు. మాబెల్ వెనక నుంచి చొక్కా పట్టి లాగుతోంది.

"మీకేమన్న పిచ్చి లేసిందా? ఎటు పోతున్రు?"

"మైకేల్ పోతలేడు. ఒకలన్న పోవాలె గదా!"

"ఎందుకు పోవాలె బావా?"

ప్రేమ్‌రాజ్ నోరు తెరిచాడు, మాబెల్ వైపు చూశాడు, మూశాడు. "రేపొక్క పొద్దు పో. మల్ల జిందగీల అడగ" అన్నాడు.

ఆ గొంతు మైకేల్ ఎన్నడూ వినలేదు. సరేనన్నాడు. మెట్లెక్కుతూ బావనూ, బావకు భూగోళం నేర్పినవాళ్ళనూ కలిపి తిట్టుకున్నాడు.

శనివారం పొద్దున వానలు కాస్త తెరిపినిచ్చాయి. టిఫిన్ డబ్బా, గొడుగు పట్టుకుని విసుక్కుంటూ మైకేల్ పాతగేటు దగ్గరికి వచ్చాడు. రోజూ వచ్చే వేళ దాటిపోయింది. అక్కడ, అతను ఎన్నడూ చూడని, ఎనభై ఏళ్ళు దాటిన ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఉతికిన తెల్లచీర, చేతిలో కర్ర, ఇంకో చేతిలో నాలుగు బంతిపూలు. కర్రతో గడ్డిని అటూ ఇటూ కదుపుతోంది. లోపల కాలిబాట లేదు. పదిహేను రోజుల వానకు గడ్డి రెండు వైపుల నుంచీ కమ్ముకుని దారిని పూర్తిగా మూసేసింది.

"ఏం బిడ్డా, ఇటుకెల్లి జనం పోవుడు బంద్ చేసిన్రా?" అని అడిగింది.

"తెల్వదమ్మా. మీరెక్కడికి పోవాలె?"

"మా ఆయన కాడికి. హవల్దార్ యాకోబు. నేను ఎస్తేరమ్మను. నెల మొదటి శనివారం వస్త."

మైకేల్ చెయ్యి చాపాడు. "పట్టుకోండి, తీస్కపోత."

ఆమె కర్ర పైకి లేచింది. "ముట్టకు! చర్చి పిలగాండ్లు గూడ గిట్లనే కొడవండ్లు పట్టుకొని వచ్చిన్రు, నా కోసం గడ్డి కోస్తరంట. పొమ్మన్న. హవల్దార్ పెండ్లాన్ని, నాకు ఒకల సాయమెందుకు? పదిమంది నడిచే బాట. పదిమందితోని నేను. గంతే." మళ్ళీ గడ్డి వైపు చూసింది. కర్ర మెల్లగా కిందికి దిగింది. "వాన పడ్డంక మట్టిల అడుగులు చూసేదాన్ని. పెద్ద బూట్లు, చిన్న చెప్పులు, ఆడోళ్ళయి గూడ. ఫౌజోళ్ళను ఇంక మరువలేదు, చూడనీకె వస్తున్రు అనుకుంటుంటి. ఇగ ఎవ్వలు వస్తలేరన్నట్టు. నేను గూడ మానుకోవాలె."

అని వెనక్కి తిరిగింది.

మైకేల్‌కు ఏం తోచిందో అతనికే తెలియదు. "అమ్మా, జర జరుగు! ఆఫీసుకు లేటయితుంది. మాది రోజూ ఇదే దారి!" అని అరిచి, ఇస్త్రీ ప్యాంటుతో గడ్డిలోకి దూకాడు. అడుగు అడుగుకూ పాదం అదుముతూ, కొమ్మలను గొడుగుతో తోస్తూ, యాకోబు రాయి దాటి అవతలి గేటు దాకా వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తే గడ్డి మళ్ళీ లేచి నిలబడుతోంది.

పరుగున వెనక్కి వచ్చాడు. "టిఫిన్ డబ్బా మర్చిపోయినమ్మా!" నిజంగానే గేటు దగ్గర పెట్టి వచ్చాడు. తీసుకుని మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "ఫోను మర్చిపోయిన!" ఫోను జేబులో మోగుతోంది. అయినా నేలంతా వెతికి వెళ్ళాడు. కాళ్ళు గీసుకుపోయాయి, ముల్లు బూటులో దిగింది. మూడోసారి వచ్చేసరికి ఎస్తేరమ్మ తల అడ్డంగా ఊపుతోంది.

"గీ బాటల పోయెటోళ్ళందరికి మతిమరుపేనా బిడ్డా? పొడుగ్గ ఒక సారు వస్తుండె. ఐదేండ్ల సంది చూస్తున్న. ఒకనాడు కండ్లజోడు మర్చిపోయిన అంటడు, అది ముక్కు మీదనే ఉంటది. ఒకనాడు గొడుగు అంటడు, చంకల ఉంటది. ఆయన ఎంట వచ్చెటోళ్ళు మస్తు తిట్టుకుంటరు. మంచి మనిషే పాపం, తలకాయనే సరిగ్గ లేదు."

మైకేల్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు. పెద్ద బూట్లు, చిన్న చెప్పులు, ఆడవాళ్ళ చెప్పులు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ, పక్కింటివాళ్ళనీ, చర్చికి వచ్చిన కొత్తవాళ్ళనీ బావ ఈ తుప్పల్లోకి ఎందుకు లాక్కొచ్చేవాడో తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన తనను ఆఫీసుకు తీసుకెళ్ళలేదు. రోడ్డు రోలర్‌లా గడ్డి మీద దొర్లించాడు. కోపం రావాలి నిజానికి. వచ్చింది కూడా. కాని ఆ కోపంతో కాలు ఇంకాస్త గట్టిగా పడింది.

"గొడుగు మర్చిపోయినమ్మా!" అని నాలుగోసారి తొక్కాడు.

అప్పుడు ఎస్తేరమ్మ కర్ర ఆనించుకుంటూ, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, మెల్లగా యాకోబు రాయి దాకా నడిచింది. బంతిపూలు పెట్టింది. పక్కన బాకా ఊదేవాడి రాయి మీద ఒకటి పెట్టింది. కళ్ళు మూసుకోబోతూ అడిగింది.

"నీ పేరేంది బిడ్డా? ఆ సారు మతిమరుపు తగ్గాలని ప్రతి నెల ప్రార్థన చేస్త. నీది గూడ కలుపుత. చిన్న వయసుల నీకే ఎక్కువున్నట్టుంది."

"మైకేల్ అమ్మా" అన్నాడతను, బూటులో ముల్లు తీసుకుంటూ.

సాయంత్రం ప్రేమ్‌రాజ్ కట్టుకాలు స్టూలు మీద పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. మైకేల్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఎస్తేరమ్మ నీ తలకాయ కోసం ఐదేండ్ల సంది ప్రార్థన చేస్తున్నదంట బావా."

ప్రేమ్‌రాజ్ ఫ్యాను వైపు చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే మీ అక్కకు చెప్తవ్. మీ అక్కకు చెప్తే చర్చి మొత్తానికి తెలుస్తది. చర్చికి తెలిస్తే ఎస్తేరమ్మకు తెలుస్తది. తెల్లారి నుంచి ఆమె గాడికి రాదు."

"ఏందది చర్చికి తెలిసేది?" వంటింట్లోంచి మాబెల్ కేక వేసింది.

"ఏం లేదు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ప్రేమ్‌రాజ్ ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "ఎన్నిసార్లు మర్చిపోయినవ్?"

"మూడు."

"మూడేనా?" సారు మొహంలో మార్కులు తగ్గాయి. "వానకాలంరా మైకేల్. మూడుకు బాట ఆగది. తక్కువల తక్కువ ఆరు మర్చిపోవాలె. అన్ని ఒక్కతీరుగ ఉండొద్దు. ఆమెకు అనుమానమొస్తది."

మైకేల్ లేచి వెళ్ళి పెన్నూ కాగితమూ తెచ్చాడు. వచ్చే నెల మొదటి శనివారం ఏమేం మర్చిపోవాలో ఇద్దరూ కూర్చుని, మర్చిపోకుండా రాసుకున్నారు.