ఆర్విల్ ఒక్క చూపు తీర్పులు

ఆర్విల్ హ్రాబక్‌కి ఒక్కటే జబ్బు: రవ్వంత చూసి కొండంత తీర్పు చెప్పేయడం. కొత్త పాస్టర్ గొంతు సవరించుకోగానే, "ఈయన ఈస్టర్ దాకా ఉండడు" అనేశాడు. పెళ్లికూతురు కేకు కోసే తీరు చూసి విడాకులు ఖాయం చేశాడు. పాస్టర్ ఇప్పటికీ ఉన్నాడు. ఆ జంట ఇంట్లో ఉయ్యాల ఖాళీగా ఉన్నది లేదు. అయినా ఆ మాజీ పోస్ట్‌మాస్టర్ తీర్పులకు అప్పీలు లేదు.

చేత్తో బంతి విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఆ పెన్సిల్వేనియా ఊళ్లో ఉక్కు మిల్లు మూతపడ్డాక మిగిలింది శుక్రవారం హైస్కూలు ఆటే. బడికి నర్సును పెట్టడానికి డబ్బుల్లేవన్న పెద్దలే మైదానానికి ధగధగలాడే స్కోరుబోర్డు కొన్నారు. ఓటమి ఖాయమయ్యాక, ఆఖర్న కాసేపు బెంచీ మీది కుర్రాళ్లను దింపేవారు. ఆర్విల్‌కి అదే పండగ.

"వీడు ఇన్సూరెన్సు అమ్ముకోవాలి!"

"వీడి చేతికి బంతికన్నా చీపురు నయం!"

హోటలు నడిపే లొరెటాకి ఆ గొంతు వింటేనే ఒళ్లు మంట. ఆమె మేనల్లుడు మైలోయే ఊరి జట్టులో బంతి విసిరే రెండో క్వార్టర్‌బ్యాక్ మరి.

ఆ శుక్రవారం మైలో వంతు వచ్చింది. వాడు విసిరిన బంతి సగం మైదానం దాటి తన జట్టువాడి చేతుల్లో వాలింది. విసిరిన మరుక్షణమే ఎదుటి జట్టులోని ఓ ఆంబోతులాంటివాడు వాణ్ని నేలకేసి కొట్టాడు. అది ఎవరికీ పట్టలేదు. ఊరంతా బంతినే చూసింది.

సోమవారం పొద్దున, అలవాటు ప్రకారం, ఊరి పెద్దలు లొరెటా హోటల్లో చేరి కోచ్‌తో ఆట టేపు చూశారు.

"వచ్చే శుక్రవారం మైలోతోనే మొదలెడతా," అన్నాడు కోచ్. చప్పట్లు! లొరెటా అందరికీ అడక్కుండానే కాఫీ పోసింది. "తలనొప్పిగా ఉందత్తా" అని మైలో ఆమ్లెట్టు వదిలేస్తే, అదీ సంతోషంవల్లే అనుకుంది.

"పనికిరాడు," అన్నాడు ఆర్విల్.

కాఫీ జగ్గు గాల్లోకి లేచింది. "ఏమన్నావ్, ముసలోడా?"

"గాడిదన్నాను. టేపు వెనక్కి తిప్పండి."

"ఆ పాసు ఇంకెన్నిసార్లు చూస్తావయ్యా?" విసుక్కున్నాడు కోచ్.

"బంతి నాకెందుకు? దానికి నొప్పెయ్యదుగా. వాణ్ని చూడు."

తెర మీద మైలో తూలుతూ లేచాడు. హుషారుగా పరిగెత్తి, వెళ్లి ఎదుటి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు. శుక్రవారం దానికి అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఇప్పుడు ఎవరూ నవ్వలేదు.

"తనవాళ్లెటున్నారో తెలియని గాడిదకి బంతిస్తావా, కోచ్? ముందు డాక్టరుకి చూపించు. లేదంటే ఈ టేపు స్కూలు బోర్డు మీటింగులో వేయిస్తా. నర్సు కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందో కూడా అడుగుతా."

"ఒక్క దెబ్బకే ఇంత రాద్ధాంతమా? మా రోజుల్లో..." అందుకున్నాడు కోచ్.

"మీ రోజుల్లో తగిలినవి కనబడుతూనే ఉన్నాయి."

లొరెటా జగ్గు దించేసింది. కోచ్ కోసం ఆగకుండా, ఏప్రన్ కూడా విప్పకుండా మేనల్లుణ్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. మెదడు అదిరిందనీ, ఇంకో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొచ్చేదనీ, ఈ సీజనంతా బంతి ముట్టొద్దనీ ఆయన చెప్పాడు.

తర్వాతి శుక్రవారం జట్టు చిత్తుగా ఓడింది. ఊరంతా ఆర్విల్‌ని కొరకొరా చూసింది. మైలో తన అత్తకీ ఆయనకీ మధ్య కూర్చుని వేరుశనక్కాయలు నములుతున్నాడు. లొరెటా వేడివేడి సాసేజ్ శాండ్‌విచ్ ఒకటి ఆర్విల్ ఒళ్లో పెట్టింది.

"నిజం చెప్పు ఆర్విల్, మావాడు ఆడగలడా?"

మైలో నమలడం ఆపేశాడు. ఆర్విల్ వాణ్ని ఎగాదిగా చూశాడు.

"ఏం చెప్పను లొరెటా? చూసింది ఒక్క పాసేగా!"