బండి ముందర నిలబడే ప్రభుదాసు

గద్వాలలో మెకానిక్ ప్రభుదాసు పేరు వినని డ్రైవరు ఆ రోజుల్లో లేడు. అయిజ రోడ్డు మీద ఆయనకు ఒక రేకుల షెడ్డు ఉండేది. మనిషి సన్నం, మాట తక్కువ. చిన్నప్పుడే రాయచూరు పోయి లారీల దగ్గర పని నేర్చుకొని వచ్చాడు. ఆదివారం ప్రార్థనకు పోయేటప్పుడు తెల్లచొక్కా వేసుకునేవాడు గాని గోళ్లలో నలుపు ఎంత తోమినా పోయేది కాదు.

తాను బ్రేకు బాగుచేసిన ఏ బండినైనా ఆయన ఊరికే అప్పగించేవాడు కాదు. రోడ్డు మీద కొంత దూరం నడిచిపోయి, బండికి ఎదురుగా తానే నిలబడేవాడు. "నా మీదికి రా, నా కాడ ఆపు" అనేవాడు. ఒకసారి కాదు, లెక్కబెట్టి పదిసార్లు. భార్య భాగ్యమ్మ తిట్టిపోసేది.

"నన్ను రోడ్డున పడేసేదాక నీకు సాలదా?"

"నేను ముందర నిలబడలేని బండిల జనం ఎట్ల కూసుంటరే?" అనేవాడు, అంతే.

మా ఆయన బాలకిష్టయ్య మగ్గం మాని ఒక పాత మారుతీ వ్యాను కొన్నాడు. చీరల మూటలు, పెండ్లివాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట పోయేవాడు. తొంభై నాలుగులో కామెర్లు వచ్చి పోయాడు. పోయినవాళ్ల పనిముట్టును ఏడాది తిరిగేదాకా కదపకూడదని మా నేతింట్లో పట్టింపు. మగ్గమైతే బట్ట కప్పి వదిలేస్తారు. నేను వ్యాను మీద ఆయన దుప్పటి కప్పాను. వానకు తడిసింది, ఎండకు ఎండింది. పొద్దున లేచి దాన్ని చూడటం, లోపలికి పోవడం, ఆ ఏడాది నా బతుకు అంతే.

సంవత్సరీకం అయిన మరునాడు దుప్పటి తీశాను. మా తమ్ముడు హన్మంతుకు డ్రైవింగు వచ్చు. నా దగ్గరే ఉండి నడుపుతానన్నాడు. ఆ బండి తప్ప నాకు వేరే ఆధారం లేదు. కాని మా ఆయన అన్న కురుమూర్తి బావ వంగి ముందు చక్రాల లోపలికి చూసి తల అడ్డంగా ఊపాడు.

"బ్రేకు ప్లేట్లు ఎర్రగ తుప్పు పట్టినయ్ లలితమ్మా. గిది ఇగ ఆగుతదా? ఎవర్నన్న చంపుతది. రాయచూరు సేటుకు తుక్కు కింద ఇస్తనని మాటిచ్చిన. శుక్రారం వస్తడు."

"ప్రభుదాసును ఒక్కసారి చూడనియ్యి బావా."

"చూడనియ్యి. శుక్రారం పొద్దుగాల నా కండ్ల ముందర ఆగాలె. ఆగలేదో, సేటుదే."

అది బుధవారం. ప్రభుదాసు వచ్చి ముందు చక్రాలు విప్పాడు. ఎర్రబడిన ప్లేటు మీద బొటనవేలి గోరు పెట్టి అంచు నుంచి లోపలికి లాగాడు. మళ్లీ లాగాడు.

"గోరు యాడ చిక్కుకుంటలేదక్కా. పైతుప్పే, లోపలికి తినలే. గుంటలు వడి ఉంటే నేనే ఇచ్చెయ్యమంటుంటి."

ఆ రోజు ఇంజను పని చూశాడు. గురువారం గరుకు కాగితం పట్టి ప్లేట్లు రుద్దాడు. నేల మీద ఎర్రపొడి రాలింది, లోపల నుంచి తెల్లటి ఇనుము బయటపడింది. సన్నగా మిగిలిన మరక, బండి నడిపి బ్రేకు తొక్కుతుంటే దానంతట అదే పోతుందన్నాడు. ఇంతలో దారిలో లారీ ఆగిపోయిందని కబురొచ్చింది. చక్రాలు పొద్దున ఎక్కిద్దామని, ప్లేట్లు పొడిబట్టతో తుడిచి గోనెపట్టాలు కప్పిపోయాడు.

సాయంత్రం జల్లు పడింది. పట్టా తీసి చూస్తే ప్లేటు మీద మళ్లీ ఎర్రటి చుక్కలు లేస్తున్నాయి. పొద్దున బావ చూస్తే ఇంకేమున్నది? మా ఇంట్లో వానాకాలం మగ్గం ఇనుప కడ్డీలను నూనె బట్టతో తుడిచి, మీద పొడిబట్ట పడతాం. తుప్పు చీరకు అంటకుండా మా అత్త నేర్పిన పని అది. అట్లాగే పల్లినూనె బట్టతో రెండు ప్లేట్లూ తుడిచాను. పొడిబట్ట పట్టాను. అద్దంలా మెరిశాయి. ఏడాదిలో ఆ పూట మొదటిసారి కడుపునిండా తిన్నాను.

శుక్రవారం ప్రభుదాసు వచ్చేసరికే హన్మంతు చక్రాలు ఎక్కించేశాడు. బావ వచ్చాడు. సేటు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ప్రభుదాసు హన్మంతు చేతులు చూశాడు.

"చేతులకు గీ జిడ్డేంది? ప్లేట్లు ముట్టినవా?"

"లేదన్నా, నట్లే బిగించిన."

"ముట్టకుంటె మంచిదే. జర్రంత నూనె దాకినా బ్రేకు పట్టదు, జారుతది" అంటూ రోడ్డు మీదికి నడిచాడు.

నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆ మాట విన్నాను. నోరు విప్పితే బండి సేటుదే. విప్పకుంటే? ప్రభుదాసు వీపు దూరమవుతున్నది. హన్మంతు తలుపు తీస్తున్నాడు.

"ప్రభుదాసూ, నిలబడకు!" అని అరిచాను. "ప్లేట్లకు నూనె రాసిన నేను!"

బావ నోరు తెరిచాడు. "నూనెనా? అది మగ్గమనుకున్నవా, బండి అనుకున్నవా?"

సేటు పడిపడి నవ్వాడు. "ఇంగ అప్పడాలు గాల్చుకోండ్రి దాని మీద!"

ప్రభుదాసు వెనక్కి వచ్చాడు. నవ్వలేదు, కోపం చేయలేదు. ఏం నూనె అని అడిగాడు. పల్లినూనె అన్నాను.

"ప్లేటును పట్టే ప్యాడ్లకు కూడ అంటి ఉంటది. కొత్త జత నా షెడ్డుల ఉన్నది, మారుస్త. ప్లేట్లు పెట్రోలుతో కడగాలె."

"పొద్దుగాల అన్న గద. పొద్దు అయిపాయె" అన్నాడు బావ.

బావకు ఎదురు చెప్పడం నాకు అదే మొదలు. "పన్నెండు గాకముందు పొద్దే బావా. సేటును కూసోమను, చాయ్ పెడత."

చాయ్ ఇచ్చి వచ్చి చక్రం దగ్గర కూర్చున్నాను. ప్రభుదాసు చూపించినట్టు పెట్రోలు బట్టతో తుడిచాను, బట్ట మార్చాను, మళ్లీ తుడిచాను. బట్టకు మరక రాకుండా పోయేదాకా లేవలేదు. ఆయన ప్యాడ్లు మార్చాడు. హన్మంతు వీధి చివరిదాకా మెల్లగా పోతూ, బ్రేకు తొక్కుతూ తిప్పి తెచ్చాడు.

ప్రభుదాసు పోయి రోడ్డు నడుమ నిలబడ్డాడు. నేనూ పోయి పక్కన నిలబడ్డాను.

"నువ్వెందుకక్కా?"

"నూనె రాసింది నేను."

ఆయన నాకు చోటిచ్చి కొంచెం జరిగాడు. బండి వచ్చింది. చప్పుడు పెద్దదైంది. కొంగు పిడికిట్లో పట్టుకున్నాను, కండ్లు మూయలేదు. మూరెడు దూరంలో ఆగింది. హన్మంతు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"అక్కా, జరుగవే! నీ మొఖం జూస్తె బ్రేకు మీద కాలు వణుకుతున్నది."

"వణికినా ఆగింది గద. వెనక్కి పో, మళ్ల రా" అన్నాడు ప్రభుదాసు.

నాలుగుసార్లు ఆగాక సేటు లేచి పంచె దులుపుకున్నాడు. "ఇది తుక్కు అల్ల, తుక్కు కాదు కురుమూర్తీ" అని, నేరుగా వచ్చి బండిలో కూర్చున్నాడు. బస్టాండు దగ్గర దించమన్నాడు. బావ నా వైపు చూశాడు.

"నీ బండి, నీ ఇష్టం" అన్నాడు.

దించుదామని నేను తల ఊపాను గాని ప్రభుదాసు రోడ్డు మీది నుంచి కదలలేదు.

"ఇంగ ఆరుసార్లు ఉన్నది. సేటును దిగుమను" అన్నాడు.

సేటు దిగాడు.