పాస్టర్ గారి చేతిలో గ్లాసు

మాది ఆగిరిపల్లి. పోయిన క్రిస్మస్ రోజు మధ్యాహ్నం చుట్టాలందరూ మా ఇంటికి భోజనాలకి వచ్చారు. మా మరిది వంటింట్లోకి వచ్చి, "వదినా, అల్లం రసం కాచి, నిమ్మకాయ పిండి జగ్గులో పెట్టు. విస్కీ, సోడా నేను కలుపుతా. అమ్మకి మాత్రం చెప్పకు" అన్నాడు.

అల్లం కోసం మా ఆయన్ని పంపిస్తే మామిడల్లం తెచ్చారు. మామిడి తోటలు కౌలుకి చేసే మనిషి కదా, పచ్చిమామిడి వాసన వస్తే చాలు, ఇంకేం చూడరు. తిట్టుకుంటూ దాన్నే దంచి, పంచదార వేసి కాచి, చల్లారాక నిమ్మకాయ పిండి, జగ్గు వసారాలో బల్ల మీద పెట్టొచ్చాను.

బిర్యానీ దించి మళ్లీ వసారాలోకి వెళ్లేసరికి నా గుండె ఆగినంత పనైంది. ప్రార్థన చేయడానికి పాస్టర్ గారు వచ్చి కూర్చున్నారు. మా అత్తయ్యగారు ఆ జగ్గులోదే గ్లాసు నిండా పోసి ఇచ్చారు. ఆయన సగం తాగేశారు కూడా!

"మామిడికాయ రసమా అమ్మా? ఈ కాలంలో ఎక్కడ దొరికింది? చాలా బాగుంది, ఇంకొంచెం పొయ్యండి" అన్నారాయన.

గుమ్మంలో నిలబడ్డ మరిది దగ్గరికి వెళ్లి, "ఎంత కలిపావయ్యా?" అని గొణిగాను.

"నేనేం కలపలేదే! మామిడి వాసన వస్తుంటే షర్బత్ అనుకున్నా. నువ్వు అల్లం రసం ఎప్పుడిస్తావా అని చూస్తున్నా. సీసా ఇంకా బండి డిక్కీలోనే ఉంది వదినా" అన్నాడు.

పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మా ఆయన బజారు తెలివికి పెళ్లయ్యాక మొదటిసారి స్తోత్రం చెప్పుకున్నాను. ఆ రోజు పాస్టర్ గారి ప్రార్థనకి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

– ఎస్తేరు, ఆగిరిపల్లి